త్రెడ్డు పోయింది, హెలికాయిల్ వేసి చెప్పకుండా పంపొచ్చా?

ప్రశ్న: మాది మదనపల్లె. మెకానికల్ డిప్లొమా చేసి, బెంగళూరు పీణ్యలో మా మేనమామ మెషిన్ షాపులో క్వాలిటీ చూస్తున్నాను. ఒక కస్టమర్‌కి 6061-టి6 రకం అల్యూమినియంతో గేర్‌బాక్స్ కవర్లు 40 చేశాం. ఒక్కోదానికి నాలుగు ఎం8 (8 మి.మీ. బోల్టు పట్టే) త్రెడ్ హోల్స్, అడుగు మూసినవి, 20 మి.మీ. లోతు. హోలు చుట్టూ ఉన్న బాస్, అంటే ఉబ్బెత్తు గుండ్రటి భాగం, వ్యాసం 16 మి.మీ. బోల్టు 14 మి.మీ. లోపలికి దిగుతుంది. మొదటి పీసు గేజ్ చేసి సరిపోయింది కదా అని మిగతావి నడిపించాం. ఆఖర్న కొన్ని పీసులకు బోల్టు వేసి 25 న్యూటన్ మీటర్లకు బిగించి చూస్తే ఆరు హోల్స్‌లో త్రెడ్డు ఊడి బోల్టుతో పాటే వచ్చేసింది. విషయం ఏంటంటే మధ్యలో 6.8 మి.మీ. డ్రిల్లు విరిగితే ఆపరేటర్ అన్న చేతికందిన 7.5 పెట్టాడు. ఎన్ని పీసులకో గుర్తులేదంటాడు. ఎం10 కొట్టేద్దాం అని ఆయన అంటాడు. ఆ ఆరింటికి హెలికాయిల్ (పాడైన హోలులో కొత్త త్రెడ్డుగా దించే తీగ చుట్ట) వేసి, కస్టమర్‌కి ఏమీ చెప్పకుండా పంపెయ్యి అని మామ అంటున్నాడు. వాళ్లు పీసులు తీసుకెళ్లి ఎనడైజింగ్ చేయించుకుంటారు. హెలికాయిల్ నిజంగా ఆగుతుందా? దాని బయట లాక్‌టైట్ జిగురు రాయాలా? చెప్పకుండా పంపితే తప్పా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (పేరు వద్దు)

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట మీరు దాటేసినట్టు రాసిన మాటే: కస్టమర్ పీసులు తీసుకెళ్లాక ఎనడైజింగ్ చేయిస్తారని. చెప్పాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. ముందు దాని సంగతి చూద్దాం, తర్వాత హెలికాయిల్ దగ్గరికి వద్దాం.

ఎనడైజింగ్ అంటే అల్యూమినియం మీద గట్టి ఆక్సైడ్ పొర పెంచడం. ఆ తొట్టిలో ఉండేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. అల్యూమినియం పీసును అందులో ముంచి కరెంటు ఇస్తారు. పీసు మీద ఆక్సైడ్ పొర పెరిగేకొద్దీ అదే కరెంటుకు అడ్డం పడుతుంది. హెలికాయిల్, దాన్నే ఇన్సర్ట్ అని కూడా అంటారు, స్టెయిన్‌లెస్ స్టీలు తీగ. దాని మీద అలాంటి పొర ఏర్పడదు. కాబట్టి కరెంటు ఆ తీగ వైపే దారి చూసుకుంటుంది. తీగ తినుకుపోతుంది, దాని చుట్టూ అల్యూమినియం మీద పొర సరిగ్గా పట్టదు, చుట్ల సందుల్లో ఆమ్లం ఇరుక్కుని తర్వాత నెమ్మదిగా పని చేస్తూనే ఉంటుంది. అందుకే ఇన్సర్ట్ ఎప్పుడూ ఎనడైజింగ్ అయ్యాకే వేస్తారు. మీ మేనమామ చెప్పినట్టు వేసి, నోరు మూసుకుని పంపితే, సంగతి తెలియని కస్టమర్ వాటిని నేరుగా తొట్టిలో ముంచుతాడు. మొత్తం బ్యాచ్ అక్కడే బయటపడుతుంది. అప్పుడు మీ షాపు మీద పడే మాట త్రెడ్డు పోయిందని కాదు, దాచారని.

ఇది నీతి గురించి చెప్పడం లేదమ్మా, పని వరస గురించి చెబుతున్నాను. మేనమామకు కూడా ఈ ముక్కే ముందు చెప్పండి. తప్పొప్పుల మాట ఎత్తితే ఆయనకు కోపం రావచ్చు. తొట్టిలో పీసులు పాడైపోతాయంటే ఏ ఓనరైనా కుర్చీలో నుంచి లేచి వింటాడు.

ఇక ఆ ఆరు హోల్స్ సంగతి. మీరంతా ఆరే అనుకుంటున్నారు. నాకు ఆ లెక్క మీద నమ్మకం లేదు. ఎం8 త్రెడ్‌కు 6.8 డ్రిల్లు వేస్తే మర పూర్తి ఎత్తులో సుమారు 74 శాతం దొరుకుతుంది. 7.5 వేస్తే 31 శాతం, అంటే మూడో వంతు కూడా కాదు. బోల్టు అంచు అల్యూమినియాన్ని పట్టుకునేది పక్కకు పావు మిల్లీమీటరు మందం మేర. అలాంటి హోలు ఒకసారి 25 న్యూటన్ మీటర్లకు ఆగినంత మాత్రాన మంచిదైపోదు. గేర్‌బాక్స్ వేడెక్కి చల్లారి, అదిరి అదిరి, సర్వీసులో ఒకసారి విప్పి బిగించినప్పుడు ఊడుతుంది. ఊడిన ఆరూ మీకు దొరికాయి. ఊడనివే ప్రమాదం.

వాటిని పట్టుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఎం8 సాధారణ త్రెడ్‌కు, 6హెచ్ అనే టాలరెన్స్ క్లాసులో, లోపలి వ్యాసం 6.647 నుంచి 6.912 మి.మీ. మధ్య ఉండాలి. 6.92 మి.మీ. పిన్ గేజ్ (ఖచ్చితమైన కొలతకు చేసిన గుండ్రటి కడ్డీ) ఒకటి తీసుకుని 160 హోల్స్‌లో ఒక్కోదాంట్లో దించి చూడండి. దూరితే ఆ హోలు మీద మార్కర్‌తో గీత పెట్టండి. త్రెడ్ గేజ్‌తో సరిపెట్టకండి. అది ముఖ్యంగా చూసేది మరల మధ్య వ్యాసం. లోపల మర ఎంత ఎత్తు మిగిలిందో దానికి పట్టదు. 7.5 పడ్డ చోట గేజ్ వదులుగా ఊగి అనుమానం రావచ్చేమో గానీ, 7.0, 7.1 పడితే చక్కగా పాస్ అయిపోతుంది. చాలా షాపుల్లో త్రెడ్ గేజ్ ఉంటుంది, పక్కన పిన్ను ఉండదు. మీ దగ్గర కూడా అంతేనని ఉత్తరం చూస్తే అర్థమవుతోంది.

హెలికాయిల్ ఆగుతుందా అని అడిగారు. సరిగ్గా వేస్తే అల్యూమినియంలో అసలు త్రెడ్డు కంటే గట్టిగా ఆగుతుంది. చొక్కా గుండీ కాజాకు అంచు కుట్టినట్టు అనుకోండి, గుడ్డ అదే, లాగుడు పడేది మాత్రం కుట్టు మీద. ఆ తీగ అడ్డకోత వజ్రం ఆకారంలో ఉంటుంది. బయటి మూల అల్యూమినియం మరలో కూర్చుంటుంది, లోపలి మూల బోల్టుకు మర అవుతుంది. బయట ఉన్నప్పుడు చుట్ట హోలు కంటే కాస్త పెద్దది. తిప్పి దించినప్పుడు ముడుచుకుని, స్ప్రింగులాగా బయటికి ఒత్తుకుంటూ నిలబడుతుంది. బలం ఎక్కడి నుంచి వస్తుందంటే, అల్యూమినియం తెగాల్సిన గీత బోల్టు వ్యాసం దగ్గర నుంచి బయటికి జరుగుతుంది. ఎం8 ఇన్సర్ట్ బయటి వ్యాసం 9.62 మి.మీ. 8 మి.మీ. చుట్టుకొలత మీద పడే బరువు 9.62 మీద పడితే, అదే లోతుకు 20 శాతం ఎక్కువ లోహం పట్టుకున్నట్టు లెక్క.

ఇంకో లాభం కూడా ఉంది. మామూలు త్రెడ్‌లో మొదటి మర ఒక్కటే దాదాపు మూడో వంతు బరువు మోస్తుంది, లోపలికి పోయేకొద్దీ వాటా తగ్గిపోతుంది. తీగ చుట్ట కాస్త సర్దుకుంటుంది కాబట్టి బరువు మిగతా చుట్లకు కూడా పంచుతుంది. మీ 25 న్యూటన్ మీటర్ల బిగింపుకు బోల్టు సుమారు ఒకటిన్నర టన్నుల బలంతో లాగుతుంది. 6061-టి6లో తగినంత పొడవు ఇన్సర్ట్ ఉంటే, 8.8 గ్రేడ్ (గట్టి స్టీలు) బోల్టు తెగుతుంది గానీ ఇన్సర్ట్ ఊడి రాదు. విమాన భాగాల డ్రాయింగుల్లో చాలా అల్యూమినియం హోల్స్‌కు మొదటి నుంచే ఇన్సర్ట్ రాసి ఉంటుంది. మీ పీణ్యలోనే ఏరోస్పేస్ పని చేసే షాపుల్లో అడిగి చూడండి, రోజూ వేస్తుంటారు. కాబట్టి హెలికాయిల్ అంటే అతుకు పని అని మీరు గానీ కస్టమర్ గానీ చిన్నబుచ్చుకోవాల్సింది లేదు.

ఆపరేటర్ గారి ఎం10 ఆలోచన మాత్రం వద్దు. ఎం10 కొడితే బయటి వ్యాసం 10 మి.మీ. అవుతుంది, అంటే హెలికాయిల్ కంటే ఎక్కువ లోహమే పోతుంది. పైగా ఎదుటి భాగంలో ఎం8 బోల్టుకు తీసిన హోలు 9 మి.మీ. ఉంటుంది, ఎం10 బోల్టు అందులో దూరదు. మన తప్పుకు వాళ్ల పీసులను కూడా తొలవమనాలి. అసెంబ్లీ లైన్లో ఒక్క కవర్‌కు మాత్రం వేరే బోల్టు, వేరే సాకెట్, వేరే బిగింపు. ఏ కస్టమరూ ఒప్పుకోడు. హెలికాయిల్‌తో బోల్టు ఎం8గానే ఉంటుంది, దాని సుఖమంతా అదే.

ఇప్పుడు మీ కొలతల మీద పని ఎలా చేయాలో చెబుతాను. బాస్ 16 మి.మీ. కాబట్టి ఇన్సర్ట్ హోలు తర్వాత చుట్టూ గోడ 3.2 మి.మీ. దాకా మిగులుతుంది. ముందు 4 ఉండేది. నాకైతే ఇది సరిపోతుంది, కానీ ఈ అంకెను కస్టమర్‌కు పంపే కాగితంలో తప్పకుండా రాయండి, ఆ గోడ మీద ఏం బరువు పడుతుందో వాళ్లకే తెలుసు. ఏ బాస్‌లోనైనా పగులు కనిపించినా, హోలు పక్కకు జరిగి ఒకవైపు గోడ పలచబడినా ఆ పీసుకు ఇన్సర్ట్ వేయకండి, స్క్రాప్‌లో వేసేయండి.

ఇన్సర్ట్ పొడవు ఎంచుకోవడంలో చాలామంది తడబడతారు. ఎం8కు ఒకటిన్నర రెట్లది 12 మి.మీ., రెండు రెట్లది 16 మి.మీ. బలం కోసమైతే 12 చాలు. కానీ మీ బోల్టు 14 దిగుతుంది. 12 వేస్తే బోల్టు కొన ఇన్సర్ట్ దాటి కిందికి పోయి, అడుగున తీగకు అడ్డంగా ఉండే చిన్న నాలుక ఉంటుంది కదా, ట్యాంగ్ అంటారు, అది సరిగ్గా విరగకపోతే దానికి తగిలి ఇరుక్కుంటుంది. అందుకని 16 తీసుకోండి. 20 మి.మీ. లోతులో అది పట్టాలంటే పూర్తి మరలు 17 మి.మీ. దాకా రావాలి, దానికి అడుగు దాకా కోసే బాటమింగ్ ట్యాప్ కావాలి. మొన కోసుగా ఉండే మామూలు ట్యాప్‌తో అక్కడికి చేరుకోలేరు.

ట్యాప్ గురించే ఇంకో మాట. ఇన్సర్ట్‌కు వాడేది ఎస్‌టిఐ (స్క్రూ త్రెడ్ ఇన్సర్ట్) ట్యాప్, మామూలు ఎం8 ట్యాప్ కాదు, ఎం10 ట్యాప్ కూడా కాదు. పిచ్, అంటే మరకు మరకు మధ్య దూరం, మాత్రం ఎం8లాగే 1.25 మి.మీ., వ్యాసం పెద్దది. ఎస్‌.జె.పి. రోడ్డులో కొంటుంటే ట్యాప్ మెడ మీద ఎస్‌టిఐ అని, 8 × 1.25 అని చెక్కి ఉందో లేదో చూసుకోండి. కిట్ డబ్బాలో కలిపేసి అమ్మే సామానులో ట్యాపు మంచిదే ఉండి ఇన్సర్ట్‌లు నాసిరకంవి ఉంటాయి, ఒక్కోసారి తీగ గుండ్రంగా కూడా కనిపిస్తుంది. కస్టమర్ పనికి పేరున్న కంపెనీ ఇన్సర్ట్‌లే బిల్లుతో తీసుకోండి. ఎర్ర రంగు వేసినవి ఇస్తే వద్దనండి. అవి బోల్టును పట్టి ఉంచే లాకింగ్ రకం, మధ్య చుట్టు కాస్త మూలలుగా ఉంటుంది. వాటిలో బోల్టు తిరగడానికే కొంత బలం పోతుంది కాబట్టి 25 న్యూటన్ మీటర్లు పెట్టినా బిగింపు తక్కువ వస్తుంది.

ట్యాప్ ముందు డ్రిల్లు 8.3 లేదా 8.4, ఇన్సర్ట్ కంపెనీ పట్టికలో ఏది రాస్తే అది. ఇక్కడ హ్యాండ్ డ్రిల్ ముట్టుకోకండి. ఇప్పటికే మరలున్న హోలులో పక్కకు 0.4 మి.మీ. మాత్రమే కోయాలి. డ్రిల్లు పాత మరను పట్టుకుని లాక్కుంటుంది, హోలు వంకర పోతుంది. పీసును మళ్లీ వి.ఎం.సి. (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్) మీద అదే ఫిక్స్చర్‌లో పెట్టి, డ్రిల్లు బదులు 6 మి.మీ. ఎండ్ మిల్లుతో గుండ్రంగా తిప్పి 8.3కు తెరవండి. పాత హోలు ఎటు జరిగి ఉన్నా, కొత్తది డ్రాయింగ్ చోటే వస్తుంది. పైన అంచుకు చిన్న కౌంటర్‌సింక్ (వాలు కోత) ఇవ్వండి, ట్యాప్ వ్యాసం కంటే ఒక వెంట్రుక ఎక్కువ. మరీ వెడల్పు చేస్తే మొదటి చుట్టుకు ఆసరా ఉండదు. తర్వాత ట్యాపింగ్. ప్రోగ్రాములో పిచ్ మారదు, స్పీడు తగ్గించండి చాలు. 6061 జిగురు లోహం, తడి లేకుండా కోస్తే చిప్స్ ట్యాప్ గాడుల్లో అతుక్కుని మరను చీరేస్తాయి. కూలెంట్ గట్టిగా పెట్టండి. చేత్తో కొట్టేవాళ్లు కిరోసిన్ వాడతారు, అల్యూమినియానికి అది బాగానే పని చేస్తుంది.

ట్యాప్ అయ్యాక గాలి కొట్టి అడుగున చిప్స్ ఏమీ లేకుండా చూసి, అప్పుడు ఎస్‌టిఐ గేజ్‌తో చెక్ చేయండి. ఇన్సర్ట్ వేశాక లోపల ఎం8 గేజ్ పెట్టి చూడటం కంటే ఈ చెక్ ముఖ్యం. తీగ కొలత ఫ్యాక్టరీలో ఖచ్చితంగా వచ్చేసింది, లోపలి మర ఎలా వస్తుందనేది మీరు కొట్టిన హోలును బట్టే ఉంటుంది.

ఇన్సర్ట్ వేయడం ఒక్కటే నిజంగా చేతిపని. టూలు గాడిలో ట్యాంగ్ కూర్చోబెట్టి మెల్లగా తిప్పండి. పైనుంచి నొక్కకూడదు. నొక్కితే చుట్టు ఒక మర దాటేసి పక్క మరలోకి దూకుతుంది, అది లోపల ఎక్కడ జరిగిందో బయటికి కనపడదు. వెనక్కి కూడా తిప్పకూడదు, ట్యాంగ్ విరిగిపోయి ఇన్సర్ట్ మధ్యలో ఇరుక్కుంటుంది. పైచుట్టు అంచు కంటే పావు నుంచి అర చుట్టు కిందికి దిగాక ఆపండి. పైకి తేలి ఉంటే బోల్టు దాన్ని లాగేస్తుంది. చివర్లో ట్యాంగ్‌ను పంచ్ పెట్టి ఒక్క దెబ్బతో విరిచి, ముక్కను ట్వీజర్‌తో తీసి లెక్కపెట్టుకోండి. అడుగు మూసిన హోలులో అది ఉండిపోయినా పని ఆగదనేవాళ్లున్నారు. గేర్‌బాక్స్ కవర్ దగ్గర నేను ఆ మాట వినను. ఎన్ని ఇన్సర్ట్‌లు వేశారో అన్ని ముక్కలు గిన్నెలో కనిపించాలి. ఒకటి తప్పు కూర్చుంటే కంగారు పడకండి, పైచుట్టు కొనకు సన్నటి చాకు మొన తగిలించి లోపలి వైపు నొక్కుతూ విప్పితే బయటికి వస్తుంది. దాన్ని మళ్లీ వాడకండి.

ఇన్సర్ట్ దించడం మాత్రం ఎనడైజింగ్ తర్వాతే అని మర్చిపోకండి. కస్టమర్‌కు రెండు దారులు చూపించండి. ఎస్‌టిఐ త్రెడ్డు వరకు ఇప్పుడే చేసి, హోల్స్‌కు సిలికాన్ బిరడాలు పెట్టి ఎనడైజింగ్‌కు పంపి, తిరిగి వచ్చాక మీ షాపులో ఇన్సర్ట్ వేయడం ఒకటి. ఎనడైజింగ్ అంతా అయ్యాక మళ్లీ మెషిన్ మీద ఎక్కించడం రెండోది. రెండోదాంట్లో వైస్ దవడలు పొరను గీరేస్తాయి, అందుకే నాకు మొదటిదే నచ్చుతుంది. రవాణా ఖర్చు మీరే పెట్టుకోవాలి, అది ఒప్పుకునే వెళ్లండి.

కస్టమర్‌కు ఎలా చెప్పాలి? డ్రాయింగులో ఇన్సర్ట్ లేదు. మీరు ఎంత బాగా వేసినా పీసు డ్రాయింగ్‌కు సరిపోదు, వాడకానికి పనికొస్తుంది అంతే. అలాంటప్పుడు వాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు కావాలి. ఐ.ఎస్.ఓ. 9001 (నాణ్యత సర్టిఫికెట్) ఉన్న కంపెనీ అయితే, డ్రాయింగ్‌తో తేడాను ఒప్పుకునే డీవియేషన్ ఫారమో కన్సెషన్ ఫారమో వాళ్ల దగ్గరే ఉంటుంది. ఫోన్లో మొదలెట్టకండి. ఎన్ని పీసులు, ఏ సీరియల్ నంబర్లు, ఏ హోల్స్, ఎందుకు జరిగింది, ఏం చేద్దామనుకుంటున్నారు, ఇన్సర్ట్ కంపెనీ, పొడవు, మిగిలే గోడ, ఇవన్నీ ఒకే పేజీలో పెట్టి మెయిల్ చేసి, ఆ తర్వాత ఫోన్ చేయండి. మంచి పీసులను వేరే ట్రేలో పెట్టి అవి ముందే పంపుతామని రాయండి. కొనుగోలు విభాగంలో కూర్చున్నవాడికి కావాల్సింది తన లైన్ ఆగకుండా ఉండటం. సగం పీసులు చేతికొస్తే మిగతా సగం గురించి మీతో నిదానంగా మాట్లాడతాడు.

మీ మేనమామను ఒప్పించడానికి మాటల కంటే ఒక తునక చాలు. అదే 6061 స్క్రాప్ ముక్కలో మూడు హోల్స్ వేయండి: ఒకటి 6.8 డ్రిల్లుతో, ఒకటి 7.5తో, ఒకటి 16 మి.మీ. ఇన్సర్ట్‌తో. కళ్లద్దాలు పెట్టుకుని, 8.8 బోల్టు వేసి టార్క్ రెంచ్‌తో ఆగేవరకు బిగించండి. రెండోది ఎక్కడ జారుతుందో, మూడోదాంట్లో బోల్టే ఎలా తెగుతుందో ఆయన చేత్తోనే చూడనివ్వండి. ఆ ముక్కనే ఫొటో తీసి కస్టమర్ మెయిల్‌కు జత చేయొచ్చు. ఈ మాటలు షాపులో ఆపరేటర్ ముందు ఎత్తకండి. ఆఫీసు గదిలోనో, ఇంటి దగ్గర భోజనాలయ్యాకో చెప్పండి. ఓనరు, మేనమామ ఒకే మనిషి అయినప్పుడు నలుగురి ముందు చెప్పిన నిజం మొండితనాన్నే పెంచుతుంది.

ఆపరేటర్‌ను మాత్రం మరీ పట్టుకోకండి. ఎన్ని పీసులకో గుర్తులేదని ఒప్పుకున్న మనిషి దాచాలనుకునేవాడు కాదు. డ్రిల్లు విరిగాక కొత్తది పెట్టిన తర్వాత వచ్చే మొదటి పీసు కూడా మీ దగ్గరికి రావాలన్న రూలు షాపులో లేదు, అది మీ విభాగం పని. టూలు మారిస్తే మళ్లీ ఫస్ట్ పీస్ చెక్ అని ఒక కాగితం మెషిన్‌కు అంటించండి. కాడ మీద సైజు అరిగిపోయిన డ్రిల్స్ అన్నీ డబ్బాలోంచి తీసేయండి. 6.8, 7.5 పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలుస్తుందేమో గానీ, ఒక్కటే చేతిలో ఉంటే ఎవరికీ తెలియదు. వెర్నియర్ పెట్టి చూడాల్సిందే.

చివరగా లాక్‌టైట్. అక్కర్లేదు. చుట్ట తన స్ప్రింగు ఒత్తిడితోనే నిలబడుతుంది. రాస్తే, దించేటప్పుడు అది తీగ సందుల్లోంచి లోపలి మరలోకి కారి ఎండుతుంది, రేపు సర్వీసులో బోల్టు విప్పేవాడు బోల్టుతో పాటు ఇన్సర్ట్‌ను కూడా బయటికి తెస్తాడు. హోలును తిన్నర్‌తో తుడిచి, ఆరనిచ్చి, పొడిగా వేయండి.